గుక్క లెక్క

సోంపేట ఆస్పత్రిలో వారానికి మూడు పూటలు
ఢిల్లేసు మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ నాది.
నాలుగ్గంటలు వాడి రక్తం గొట్టాల్లో ఊరు తిరిగొస్తుంది.
అంతసేపూ నేను బీర్లు చెప్పాలి.
ఆ రోజుల్లో నేను ముట్టను. పసిగట్టేస్తాడు.

"నీళ్ల గురించి సెప్పకు బావా, ఏడుపొచ్చేస్తాది.
బీరైతే పర్లేదు.
మానేసినానని సెప్పుకోవచ్చు."

సరే, ముందు మనది.
మన షాపుల్లో ఊరూ పేరూ లేని సీసాలున్న రోజుల్లో
ఇచ్ఛాపురం దాటి, చెక్‌పోస్టు దాటి,
ఒడియా బోర్డు కింద రేకుల షెడ్డులో కొన్న కింగ్‌ఫిషర్లు.
నీ టీవీఎస్ మీద, పనసకాయల గోనెలో, రెండు.
కవిటి చేరేసరికి కాగి ఉండేవి,
మూత తీస్తే సగం నీ చొక్కాకే.
అందుకే చేదలో పెట్టి బావిలోకి దింపేవాళ్లం, గంటసేపు.

బావి అనగానే ఇద్దరం కాసేపు మిషను వైపు చూస్తాం.

నీది స్ట్రాంగు పక్షం, నాది లైటు.
బారువ ఒడ్డున తిరగేసిన పడవ నీడలో
దీని మీదే తగువై పదిరోజులు మాటల్లేవు.
తాగినట్టుండాలి కదా, అని నువ్వు.
ఇంటికి నడిచి పోగలగాలి కదా, అని నేను.
ఎండుచేప కాలుస్తున్న తవిటమ్మ తీర్పిచ్చింది:
రెండూ గుర్రపుచ్చే.

ఆ తర్వాత సింగపూర్.
డ్రై డాక్‌లో హెల్మెట్ తీసి తాగిన టైగర్.
దాని రుచి నన్నడక్కు,
నాలిక మీద ఇనుప పొగ తప్ప ఏదీ నిలవని రోజులవి.
చల్లదనం మాత్రం దిగింది,
ఎక్కడెక్కడ దిగిందో ఇప్పటికీ వేలు పెట్టి చూపించగలను.

బూసాన్‌ది పలచన. బియ్యం కడుగు.
"కుడితనమాట."
కుడితే.
హాంబర్గ్‌లో ఒకటి, మబ్బుగా, గోధుమలతో కాస్తారట,
ముక్కు దగ్గర పెడితే మగ్గిన అరటిపండు, వెనకాల లవంగం.
"బీరా, పెళ్లి తాంబూలమా?"
పక్క మంచం కూర్మమ్మ ముసుగులోంచి నవ్వింది.

బెంగుళూరులో తమ్ముడి కొడుకు తీసుకెళ్లిన చోట
బల్లల పక్కనే గుండిగలు, మనిషెత్తు, రాగివి.
వేపపువ్వూ నారింజ తొక్కా కలిపి నూరినంత చేదు.
గ్లాసు నాలుగొందల యాభై.
వాడు వేళ్ల మీద జీడిపిక్కల్లోకి మార్చాడు: నాలుగు కేజీలు.
"డబ్బిచ్చి సేదు కొంతారేటి!
మాకిక్కడ ఉచితంగానే ఇస్తన్నారు."

వాడి దగ్గరో నోటుబుక్కుంది.
పొద్దున టీ, యాభై. మాత్రలకి రెండు మూతలు.
చారు మూడు చెంచాలు. మజ్జిగ, కొట్టేసి ఉంది.
రోజుకి అరలీటరు దాటితే కాళ్లు చెప్పేస్తాయి.
అదే పుస్తకం వెనక అట్ట మీద బీర్ల ర్యాంకులు రాసాడు.
ఫస్టు, ఆంట్వెర్ప్.

సన్నాసులు కాచే నల్ల బీరు.
కాలిన తాటిబెల్లం, తడిసిన చెక్క, చివర్లో చిన్న పులుపు.
ఏ బీరు గ్లాసు ఆ బీరుదే; గ్లాసు ఖాళీ లేకపోతే
సీసా ఉన్నా పొయ్యరు.
"సన్నాసులే! మనోలు ఇబూది కాడే ఆగిపోనారు."

ఆంట్వెర్ప్‌లో నాకు గేటు పాసు దొరకలేదు.
మూడు రాత్రులూ డెక్ మీద నుంచి దీపాలు చూసాను,
తాగొచ్చిన కేరళ కుక్కు చెప్పింది విన్నాను.
ఈ మాట వాడికి చెప్పలేదు.
పోయిన వారం వాడే అడిగాడు, కళ్లు మూసుకుని,
"ఆ గ్లాసు కాడ పట్టుకుంతే సేతికి సల్లగుంతాదా, లేదా?"
నేను ఆలోచించాను.
"సర్లే బావా. తాగినాక సెప్పు."

మిషను కూసింది. సిస్టరు తూకం చూసి రాసుకుంది:
రెండు లీటర్లు తీసాం.
మంచం కింద చెప్పుల కోసం కాలితో వెతుకుతూ
ఢిల్లేసు లెక్కేసాడు.
"మూడు పెద్ద సీసాలు.
ఎవులు తాగినారో మరి."